చైనీస్ వాక్యం నడిచే వరుస

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి చైనీస్ వ్యాకరణం మొదట్లో భయపెట్టదు. 'వో ఆయ్ నీ' అంటే నేను నిన్ను ప్రేమిస్తున్నాను. కర్త, క్రియ, కర్మ అచ్చం ఇంగ్లీషు వరుసలోనే వస్తాయి. పైగా క్రియ రూపాలు మారవు. ఈ పోలికే తరువాత చిక్కుల్లో పడేస్తుంది.

'నేను నిన్న గ్రంథాలయంలో పుస్తకం చదివాను' అని చెప్పాలంటే ఇంగ్లీషు విద్యార్థి అలవాటుకొద్దీ గ్రంథాలయాన్నీ నిన్ననూ వాక్యం చివరికి నెడతాడు. చైనీస్‌లో అవి క్రియకు ముందే రావాలి. అందుకే పాఠాల్లో 'ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారు' అనే సూత్రం నేర్పుతారు. కొంతకాలం అది పనిచేస్తుంది. ఆ తరువాత 'వో శ్వె ల సాన్ న్యెన్' ఎదురవుతుంది. మూడేళ్లు చదివాను అని అర్థం. ఇక్కడ 'మూడేళ్లు' క్రియ తరువాత వచ్చింది! ఇక మినహాయింపుల పట్టిక మొదలు.

1985లో భాషాశాస్త్రవేత్త జేమ్స్ తాయ్ దీనికి చక్కని వివరణ ఇచ్చారు. చైనీస్‌లో మాటల వరుస చాలాచోట్ల సంఘటనల వరుసనే అనుసరిస్తుందన్నారు. గ్రంథాలయంలో ఉంటేనే అక్కడ చదవగలం, కాబట్టి చోటు ముందు. చదవడం మొదలయ్యాకే ఏళ్లు లెక్కకొస్తాయి, కాబట్టి వ్యవధి వెనుక. 'బస్సెక్కు', 'ఇక్కడికి రా' అనే రెండు భాగాలను ఆ వరుసలో పెడితే బస్సులో వచ్చాడని అర్థం. తారుమారు చేస్తే బస్సెక్కడానికి ఇక్కడికి వచ్చాడని. నన్నడిగితే, సూత్రం బదులు వరుసగా నాలుగు బొమ్మలు గీసి చూపడం మేలు.

అయితే ఈ నియమం అన్నిచోట్లా చెల్లదు. నామవాచకాన్ని వర్ణించేది ఎంత పొడవున్నా దాని ముందే ఉండాలి. 'వో జువోథియెన్ మాయ్ ద షు' అంటే 'నేను నిన్న కొన్న పుస్తకం'. తెలుగు వరుస కూడా సరిగ్గా ఇదే. ఇంగ్లీషులో మాత్రం పుస్తకం ముందొచ్చి, కొన్న సంగతి వెనుక వస్తుంది. కర్మకంటే క్రియను ముందుంచే భాషల్లో చైనీస్ పద్ధతి చాలా అరుదు. తెలుగువారు ఇక్కడ సులువుగా గట్టెక్కుతారు, కానీ కర్మను క్రియ తరువాత పెట్టడం దగ్గర తడబడతారు.

బొమ్మలకూ లొంగనిది ఇంకొకటుంది. 'ఖ రెన్ లాయ్ ల' అంటే మనం ఎదురుచూస్తున్న అతిథి వచ్చాడని. 'లాయ్ ఖ రెన్ ల' అంటే ఎవరో అతిథులు వచ్చారని. ఇంగ్లీషు ఆర్టికల్ చేసే పనిని ఇక్కడ వరుసే చేస్తోంది. ఇది నేర్పాలంటే ఎవరు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో ముందుగా కథ కట్టి చెప్పాల్సిందే.