ప్రాగ్ రాళ్ల మీద అపోహలు - వాస్తవాలు

మా పెదనాన్న ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు, నేనేమో ఇక్కడ ప్రాగ్‌లో ఎప్పుడో ఎవరో చెక్కిన విగ్రహాలకి పగుళ్లు పూడుస్తూ బతుకుతున్నా. కన్జర్వేషన్ అంటారు, ఇంట్లో వాళ్లకి మాత్రం "రాళ్ల రిపేర్" అనే చెప్తా. క్రిస్మస్ సెలవులకి జర్మనీ నుంచి, లండన్ నుంచి మనవాళ్లు వస్తుంటారు, తెలిసినవాళ్లని నేనే తిప్పుతా, ప్రతిసారీ అవే మాటలు వింటుంటా కాబట్టి ఈసారి రాసేస్తున్నా.

అపోహ: చార్లెస్ బ్రిడ్జి మీద కనిపించేవన్నీ ఒరిజినల్ విగ్రహాలు, బ్రిడ్జితో పాటే కట్టారు.

రెండూ కాదు. బ్రిడ్జి 1357లో మొదలైంది, విగ్రహాల్లో ఎక్కువ భాగం 1683 నుంచి 1714 మధ్యలో వచ్చాయి, అంటే మూడొందల ఏళ్లకి పైగా ఈ విగ్రహాల వరస లేకుండానే జనం నది దాటారు. ఇప్పుడు మనం ఫొటోలు దిగేవి చాలావరకు కాపీలే. అసలువి చాలావరకు నేషనల్ మ్యూజియం వాళ్లు పాత రాతి శిల్పాలు దాచే లాపిడేరియంలో, కొన్ని విషెహ్రాద్ కోట లోపల ఉన్నాయి.

ఎందుకు తీశారంటే, రాయి. మన నల్లరాయి, గ్రానైట్ అయితే వానకి ఎండకి పెద్దగా లెక్కచెయ్యదు, ఇక్కడిది ఇసుకరాయి, ఉలికి వెన్నలా లొంగుతుంది, అందుకే బట్టల మడతలు, గాలికి ఎగిరే గడ్డాలు అంత బాగా వచ్చాయి, కానీ స్పాంజిలా నీళ్లు తాగుతుంది. చలికాలం ఆ నీళ్లు లోపలే గడ్డకట్టి ఉబ్బుతాయి, మళ్లీ కరుగుతాయి, మళ్లీ గడ్డకడతాయి. దీనికి తోడు మంచు కరగడానికి చల్లే ఉప్పు, పైగా ఒకప్పుడు బ్రిడ్జి మీద ట్రామ్‌లు కూడా తిరిగాయి (1883లో గుర్రాలవి, 1905లో కరెంటువి). మొదట ముక్కులు పోతాయి, తర్వాత వేళ్లు.

ఇది చెప్పగానే ఒక బాబాయ్ గారు "అయితే ఇంతసేపూ డూప్లికేట్ ముందు నిలబడ్డామా" అని నీరసపడిపోయారు. మన గుళ్లో మూలవిరాట్టు లోపలే ఉంటాడు, ఊరేగింపుకి ఉత్సవమూర్తి వస్తాడు, అప్పుడు డూప్లికేట్ అంటామా బాబాయ్ అన్నా. ఆయన మళ్లీ ఫోన్ తీశారు.

అపోహ: ఆ బ్రిడ్జి అంత గట్టిగా ఉండటానికి కారణం సున్నంలో కలిపిన కోడిగుడ్లు.

మనవాళ్లు వెంటనే నమ్మేస్తారు, మనకీ డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే అలవాటు ఉంది కదా. ఇక్కడి కథ ఏంటంటే రాజు ఊరూరా గుడ్లు పంపమన్నాడట, వెల్వరీ అనే ఊరివాళ్లు దారిలో పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారట! గుడ్డు నిజంగా ఉందా లేదా అన్నదాని మీద ల్యాబ్ వాళ్లే ఒక మాట మీద లేరు. నా లెక్కలో అసలు బలం ప్రాగ్ చుట్టుపక్కల దొరికే సున్నపురాయిది, అందులో సహజంగానే బంకమట్టి కలిసి ఉంటుంది, దాన్ని కాలిస్తే వచ్చే సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుంది. అయినా 1890 వరదకి మూడు ఆర్చీలు కూలిపోయాయి, వాటితో పాటు బ్రోకోఫ్ చెక్కిన ఫ్రాన్సిస్ జేవియర్ విగ్రహం కూడా నదిలో పడింది. గోవాలో సమాధి ఉన్న ఆ జేవియరే. ఇప్పుడక్కడ నిలబడి ఉన్నది 1913 నాటి కాపీ.

అపోహ: బురుజులు నల్లగా ఉన్నది యుద్ధంలో కాలిపోయి.

పౌడర్ టవర్ చూసి అందరూ అనేది ఇదే. కాలలేదండీ. ఇన్నేళ్ల బొగ్గు పొగలోని సల్ఫర్, తడి, దుమ్ములోని సున్నం కలిసి జిప్సం పెచ్చు కడుతుంది, అందులో మసి ఇరుక్కుపోతుంది. "కడిగెయ్యొచ్చుగా" అంటారు, గట్టిగా రుద్దితే పెచ్చుతో పాటు రాయి పైపొర కూడా ఊడొస్తుంది, మా పనిలో సగం ఆ చెయ్యిని ఆపుకోవడమే.

అలాగని ప్రాగ్‌కి యుద్ధంలో గీత కూడా పడలేదన్నదీ తప్పే. 1945 ఫిబ్రవరి 14న అమెరికన్ బాంబులు పడ్డాయి, ఎమ్మావుస్ మొనాస్టరీ పైకప్పు పోయింది, ఇప్పుడు డాన్సింగ్ హౌస్ అనే వంకర బిల్డింగ్ ఉన్న స్థలం ఆ రోజు ఖాళీ అయిందే. మే నెలలో ఓల్డ్ టౌన్ హాల్ తగలబడింది, దాని గోడకున్న పాత గడియారంలో తిరిగే అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలూ అప్పుడే పోయాయి. ఇప్పుడు గంట గంటకీ కిటికీలో కనిపించేవి సుఖార్దా అనే శిల్పి తర్వాత చెక్కిన చెక్క బొమ్మలు.

ఆ గడియారం చేసిన హనుష్ మాస్టర్ కళ్లు పొడిపించేశారన్న కథ కూడా వదిలెయ్యండి, తాజ్‌మహల్ కూలీల చేతులు నరికించారన్న కథకి ఇది తమ్ముడు. 1410లో చేసింది కదాన్ ఊరి మికులాష్.

అపోహ: సెయింట్ వైటస్ కేథడ్రల్ మొత్తం ఆరొందల ఏళ్ల నాటిది.

1344లో పునాది వేశారు, పీటర్ పార్లెర్ అనే ఆర్కిటెక్టు చాలా కట్టాడు, తర్వాత 1419లో మొదలైన హుస్సైట్ మత గొడవలతో పని ఆగిపోయింది, శతాబ్దాల పాటు సగం చర్చే, అటువైపు టెంపరరీ గోడ. పూర్తయింది 1929లో. టూరిస్టులు ముందుగా నిలబడి నోరెళ్లబెట్టే పడమటి ముఖం మొత్తం కొత్తదే. నమ్మకపోతే అక్కడి శిల్పాల్లో సూటు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు ఉంటారు, వెతకండి, చివర్లో చర్చిని పూర్తిచేసిన ఆర్కిటెక్టులు, బిల్డర్లు వాళ్లు.

అపోహ: ప్రాగ్ కోట ముందున్న ష్వార్జెన్‌బర్గ్ ప్యాలెస్ గోడంతా పిరమిడ్‌లా చెక్కిన రాళ్లు.

ఇది నాకు ఇష్టమైనది, నేనూ మోసపోయా మొదటిసారి. అక్కడ ఒక్క రాయి కూడా ముందుకి పొడుచుకు రాలేదు, చదునైన గోడ అది. కింద ముదురు రంగు గచ్చు, పైన పల్చగా తెల్ల సున్నం, ఆ సున్నం తడిగా ఉండగానే గీకేస్తే కింద రంగు నీడలా కనిపిస్తుంది, దాన్నే స్గ్రాఫిటో అంటారు. పట్టుకోవడం సులువే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చూడండి, ఎండ అటునుంచి ఇటు వచ్చినా ఆ రాళ్ల నీడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.