కళాయి పోయిన గిన్నె నుంచి కర్కుమిన్ మాత్ర దాకా

శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత ఇళ్ల అటకల మీద వెతికితే బుడితి ఇత్తడి గిన్నె ఒకటైనా దొరుకుతుంది. కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయిన గిన్నెలో పులుసు పెట్టొద్దని పెద్దవాళ్లు అనడం ఉత్త చాదస్తం కాదు. చింతపండు పులుపు ఇత్తడిలోని రాగిని లాగేస్తుంది. ఆ రాగి కాలేయాన్ని ఏం చేయగలదో మన దేశంలో పసిపిల్లల వల్ల తెలిసింది. ఇలాంటి లోహాల నుంచి కాలేయాన్ని పసుపు లాంటి మొక్కల మందులు కాపాడతాయన్న మాట ఒకటి ఉంది. అదెంత నిజమో చూద్దాం.

ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్ అని ఒక జబ్బు ఉండేది. పొట్ట ఉబ్బి, కాలేయం గట్టిపడి, చాలామంది పిల్లలు మూడేళ్లు నిండకుండానే పోయేవారు. ఇత్తడి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలు పట్టడమే కారణం కావచ్చని పుణె, బ్రిటన్ వైద్యులు 1983లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ రాగిని గట్టిగా పట్టుకుంటుంది. మామూలు కాలేయంలో ఎండు బరువు మీద గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపే రాగి ఉంటుంది. ఈ పిల్లల్లో 800 దాటేది. వంటింట్లోకి స్టీలు వచ్చాక జబ్బు దాదాపు కనుమరుగైంది. ఆ పని ఏ మొక్క మందూ చేయలేదు.

మొక్కల కథ వేరే దారిలో నడిచింది. 1968లో మ్యూనిక్‌లో వాగ్నర్ బృందం మిల్క్ తిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి, కాలేయానికి మంచిదని చెప్పే సిలిమారిన్‌ను వేరు చేసింది. తర్వాత పసుపులోని కర్కుమిన్, నేలవేము, నేల ఉసిరి ప్రయోగశాలలకు ఎక్కాయి. సీసం, కాడ్మియం, పాదరసం కాలేయ కణాలను కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని, దాని గంధకం కొస పట్టుకుని, ఖర్చు చేసేస్తాయి. ఆ లోటును ఈ మొక్కల్లోని రసాయనాలు పూడుస్తాయన్నది వాదన. ఎలుకల్లో ఇది చాలాసార్లు కనిపించింది కూడా. కాకపోతే అక్కడ మందును ఎక్కువగా లోహానికి ముందో, దాంతోపాటో ఇస్తారు. మనకు విషయం తెలిసేసరికి లోహం ఏళ్లుగా ఒంట్లో ఉంటుంది.

మోతాదు లెక్క కూడా చూడండి. ఎలుకకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాముల కర్కుమిన్ ఇచ్చారనుకుందాం. ఒంటి పరిమాణాల తేడా వల్ల, దాన్ని మనిషికి మార్చాలంటే 6.2తో భాగించాలి. 60 కిలోల మనిషికి సుమారు 970 మిల్లీగ్రాములు. పసుపులో కర్కుమిన్ మూడు శాతం లెక్కన, రోజుకు 32 గ్రాముల పసుపు తినాలి. తిన్నా ఒంటికి పట్టేది స్వల్పం. పోనీ మాత్రలు మింగుదామంటే, వాటి వల్లే కాలేయం దెబ్బతిన్న కేసులు 2019లో ఇటలీలో బయటపడ్డాయి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపైతే ఏ సీసానికి విరుగుడు అనుకున్నామో ఆ సీసాన్నే మోసుకొస్తుంది.

అంచేత ముందు గిన్నె చూసుకోవాలి. కళాయి వేసేటప్పుడు ఇసుకతో తోమి, బొగ్గుల మీద కాల్చి, నవసాగరం (అమ్మోనియం క్లోరైడ్) చల్లి, తగరం రాసి దూదితో పులుముతారు. నవసాగరం చాలకపోతే పూత అక్కడక్కడా అంటుకోదు. ఆ మచ్చల దగ్గర రాగి బయటే ఉంటుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి, ఖాళీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోతే పూత పోయినట్టే. సీసం తగరం కంటే చవక గనక కల్తీ అవుతుంది. కళాయి వేసే మనిషి తెచ్చిన కడ్డీని తెల్ల కాగితం మీద గీసి చూడండి. పెన్సిల్ గీసినట్టు నల్లటి గీత పడితే అందులో సీసం ఉందని అనుమానించి, ఆ కడ్డీ వద్దనండి.