ఏనుగులుంటేనే పోచంపల్లా?

మొన్న హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఎగ్జిబిషన్‌లో నాలుగు రోజులు స్టాల్ చూసుకున్నాను. గుమ్మం మీద ‘సంప్రదాయం, ఆధునికత’ అని పెద్ద బోర్డు. నా దగ్గర పోచంపల్లి ఇక్కత్ చీరలు, జాకెట్లు, దుపట్టాలు, గోడకు ఒక తేలియా రుమాలు. వచ్చినవాళ్ళంతా తిప్పి తిప్పి ఒకటే అడిగారు: “ఒరిజినలేనా? మరి ఏనుగులు లేవేంటి?” లెక్కపెట్టడం రెండో రోజే మానేశాను.

అపోహ: పాత డిజైన్ ఉంటే అసలుది, కొత్త డిజైన్ అయితే నకిలీ.

జనం డబ్బులు ఎక్కువగా పోయేది దీనివల్లే. మూడో రోజు ఒకావిడ కవరు పట్టుకుని వచ్చింది. కూతురి నిశ్చితార్థానికి 8,500 పెట్టి ‘పోచంపల్లి పట్టు’ కొన్నారట. ఏనుగులు, చిలుకలు బారులు తీరి ఉన్నాయి. ఒక్క ఏనుగు తొండం కూడా కాస్తయినా చెదరలేదు. అక్కడే నా గుండె జారింది. జాకెట్టు ముక్క అంచు నుంచి ఒక పోగు లాగాను. పైకి తేలిన చోట రంగు, అడ్డపోగు కింద దాగిన చోటల్లా తెల్ల చుక్క. ప్రింటు. “వెనక్కి తిప్పి కూడా చూశానమ్మా, రంగు కనిపించింది” అంది పాపం. పలచటి బట్టలో ప్రింటు రంగు వెనక్కి దిగుతుంది. ఆవిడ తప్పేముంది ఇందులో?

ఇక్కత్‌లో రంగు పడేది బట్ట మీద కాదు, పోగు మీద. ఆసు పోసి, అంటే నూలును చేత్తో అటూ ఇటూ తిప్పి వరస పేర్చి, గ్రాఫ్ ప్రకారం సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి, ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచుతారు. మగ్గం ఎక్కకముందే బొమ్మ పోగులో ఉంటుంది. నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి జరుగుతుంది కాబట్టి బొమ్మ అంచు ఈకలా చెదురుతుంది. దాన్ని లోపమనుకుని డిస్కౌంట్ అడిగేవాళ్ళూ ఉన్నారు!

షాపులో పోగు లాగనివ్వరు, నిజమే. జాకెట్టు ముక్క అంచు విప్పి చూపించమనండి. నసిగితే లేచి వచ్చేయండి. ఇంకో మాట: పోగులో రంగు ఉన్నంత మాత్రాన చేతిమగ్గమే అనుకోకండి, చిటికి నూలును మరమగ్గం మీద కూడా నేస్తున్నారు. హ్యాండ్లూమ్ మార్క్ చూడండి, బిల్లు మీద ‘చేనేత’ అని రాయించుకోండి.

ఇక ఆ ఏనుగుల సంగతి. పోచంపల్లికి ఈ పని 1915 ప్రాంతంలో చీరాల నుంచి వచ్చింది. అక్కడ నేసినవి తేలియా రుమాళ్ళు. నూలును ఆముదం కాయల బూడిదలో, నూనెలో నానబెట్టేవారు, ఆ నూనె వల్లే ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు. తలపాగాల కోసం అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్ళేవి. వాటి మీద మన పెద్దలు విమానాలు నేశారు, గడియారాలు నేశారు. పుష్పక విమానం కాదు, ఆకాశంలో ఎగిరే మామూలు విమానమే! మనం తాతల నాటివనుకునే ఏనుగులు, చిలుకలు చాలావరకు గుజరాత్ పటోలా పట్టుచీరలు చూసి తర్వాత తెచ్చుకున్నవి. పోచంపల్లి పట్టుచీర అన్నదే స్వాతంత్ర్యం వచ్చాక పుట్టింది.

మెట్రో పిల్లర్ల డిజైన్ గీసుకుని పుట్టపాకలో మగ్గం నేసే మా కాక దగ్గరికి భయపడుతూనే వెళ్ళాను. తిడతాడేమో అనుకున్నా. అద్దాలు పెట్టుకుని గ్రాఫ్ మీద గళ్ళు గోటితో లెక్కపెట్టాడు. “గీ గీత ఏటవాలుగ పోతుంది బిడ్డా. నేస్తే మెట్లు మెట్లుగ వస్తది. నీకు ఒప్పైతే చెప్పు” అన్నాడు. సంప్రదాయం అన్న మాటే ఎత్తలేదు. ఎన్ని కట్లు పడతాయన్నదే ఆయన లెక్క.

అపోహ: ఆసు యంత్రం మీద పోస్తే అది చేనేత కాదు.

ఇది చెప్పిన పెద్దమనిషి మీద నాకు నిజంగా కోపం వచ్చింది. ఆసు అంటే నూలు సిద్ధం చేసే పని, నేత కాదు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. తల్లి పడే బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా చిన్నమ్మ ఇప్పటికీ కుడిచెయ్యి భుజం దాటి ఎత్తలేదు. సంప్రదాయం కోసం ఆమె ఆ చెయ్యి అలాగే ఆడిస్తూ ఉండాలా?

మిగతావి గబగబా చెప్పేస్తాను. సహజ రంగులైతేనే సంప్రదాయమా? రుమాళ్ళ ఎరుపుకు వాడిన అలిజరిన్‌ను 1868లోనే జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. రంగు దిగితే అసలు సరుకు అన్నట్టా? కాదు, అద్దకం తర్వాత సరిగా ఉతకలేదన్నట్టు.

చివరి రోజు సాయంత్రం సర్దుకుంటుంటే ఒకమ్మాయి చీర నచ్చిందంది, ఇదే డిజైన్ లేత గులాబీలో ఒక్కటి నేయించి ఇస్తారా అని అడిగింది. మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగు (నిలువు పోగులు) మీద ఆరేడు చీరలు వస్తాయి, అన్నీ ఒకే రంగు.

“తప్పకుండా. మిగతా ఆరు కూడా మీరే తీసుకుంటే” అన్నాను.