పదాల జాబితా బట్టీ పడితే ఏపీ లిటరేచర్ వస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 11, 12 తరగతుల పిల్లలకు నేను ఇంగ్లీషు బోధిస్తాను. వాటిలో ఎక్కువ భాగం ఏపీ లిటరేచర్ తరగతులే. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, ఉన్నత పాఠశాలలోనే కాలేజీ స్థాయిలో చదివి పరీక్ష రాసే కోర్సు. మా ఊళ్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నందువల్ల గుడిలోనో, కిరాణా దుకాణంలోనో, పుట్టినరోజు విందులోనో తల్లిదండ్రులు నన్ను ఆపి అడిగే ప్రశ్న ఏటా ఒకటే: "మేడం, మావాడికి వొకాబులరీ తక్కువండీ, ఏ పుస్తకం కొనమంటారు?" వారు అడుగుతున్నది నవల గురించి కాదు, పదాల జాబితా ఉన్న పుస్తకం గురించి. పరాయి దేశంలో పిల్లల చదువు ఎక్కడ వెనుకబడుతుందోనన్న భయం ఆ ప్రశ్నలో ఉంది, ఆ భయాన్ని నేను తక్కువ చేసి చూడను. అయితే ఆ ప్రశ్నకు పునాదిగా ఉన్న నమ్మకం పిల్లల సమయాన్నీ ధైర్యాన్నీ చివరికి మార్కులను కూడా తినేస్తోంది కాబట్టి, దాని గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

అపోహ: పెద్ద పదాలు ఎక్కువగా వస్తే పాత నవలలు అర్థమవుతాయి, వ్యాసాలకు మార్కులు పడతాయి.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1990లలో, 2000 తరువాతి తొలి ఏళ్లలో ఎం.ఎస్. చదవడానికి వచ్చిన తరం బ్యారన్స్ పుస్తకంలోని 3,500 పదాల జాబితాను అమీర్‌పేట గదుల్లో కూర్చుని కంఠతా పట్టింది. ఎం.ఎస్. ప్రవేశానికి రాసే జీఆర్ఈ పరీక్షలో అప్పట్లో వ్యతిరేక పదాలు, అనాలజీలు (పదాల జంటల మధ్య పోలికలు) ఉండేవి కాబట్టి జాబితా వచ్చినవారికి నిజంగానే మార్కులు వచ్చేవి. తమను ఒడ్డుకు చేర్చిన దారినే తల్లిదండ్రులు పిల్లలకు చూపిస్తున్నారు, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాని ఆ పరీక్ష ఇప్పుడు ఆ రూపంలో లేదు. ఆ రెండు రకాల ప్రశ్నలనూ జీఆర్ఈ 2011 ఆగస్టులో తొలగించింది. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష 2005లో అనాలజీలను, 2016లో పాత పద్ధతి వాక్యపూరణ ప్రశ్నలను వదిలేసింది. ఇప్పటి డిజిటల్ శాట్‌లో పదాల ప్రశ్నలు లేవని కాదు, అయితే అవి ఒక చిన్న పేరాను ముందు పెట్టి, ఆ సందర్భంలో ఏ పదం ఇముడుతుందో, ఉన్న పదం ఏ అర్థంలో నిలిచిందో అడుగుతాయి. అంటే అక్కడ కూడా పరీక్షిస్తున్నది చదవడాన్నే.

ఏపీ లిటరేచర్ సంగతి ఇంకా స్పష్టం. ఒక గంటలో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాటికి 45 శాతం విలువ. ఆ తరువాత రెండు గంటల్లో మూడు వ్యాసాలు, వాటికి 55 శాతం. ఒక్కొక్క వ్యాసానికి ఆరు పాయింట్లు ఉంటాయి: సమర్థించదగిన వాదానికి ఒకటి, రచనలోంచి చూపిన ఆధారాలకూ వాటిమీది వ్యాఖ్యానానికీ కలిపి నాలుగు, ఆలోచనలోని లోతుకు ఒకటి. పదసంపదకు ప్రత్యేకించి ఒక్క పాయింటు కూడా లేదు. పైగా వాదానికి బలం చేకూర్చని క్లిష్టమైన వాక్యాలు, క్లిష్టమైన భాష ఆ ఆరో పాయింటును తెచ్చిపెట్టవని దిద్దేవారికి ఇచ్చే ప్రమాణాల్లోనే రాసి ఉంది. ఆ పత్రం ఈ పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డ్ సైటులో ఎవరికైనా దొరుకుతుంది. అయినా ప్రతి సెప్టెంబరులోనూ "ఫలానా 500 పదాలు వస్తే 5 ఖాయం" (5 అంటే ఏపీలో అత్యధిక స్కోరు) అనే సందేశం వాట్సాప్ గుంపుల్లో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పంపించే ముందు ఆ పత్రాన్ని ఒకసారి తెరిచి చూడమని నేను గట్టిగానే అడుగుతున్నాను.

జాబితా ఎందుకు పనికిరాదో చెప్పడానికి పరీక్ష దాకా వెళ్లనక్కరలేదు, నవలే చెబుతుంది. 1813లో వచ్చిన జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' నాలుగో అధ్యాయంలో ఎలిజబెత్ తన అక్క జేన్‌ను మెచ్చుకుంటూ 'క్యాండర్' అనే మాట వాడుతుంది. నేటి జాబితాలన్నింటిలోనూ ఆ మాటకు దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పడం అనే అర్థమే ఉంటుంది. ఆస్టెన్ కాలంలో దానికి ఎదుటివారిని మంచిగానే తలచడం, వారి తప్పులను పెద్దవి చేయకపోవడం అనే అర్థం కూడా ఉండేది, ఆమె వాడింది ఆ అర్థంలోనే. అది తెలియకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే ప్రతివారి గుణంలోని మంచిని తీసుకుని దాన్ని ఇంకా మెరుగుపరచి చెడును అసలు ఎత్తకపోవడం అని ఎలిజబెత్ తానే ఆ మాటల్లో విడమరుస్తుంది. జాబితా కంఠతా వచ్చిన పిల్లవాడు మాత్రం ఆ వివరణ దగ్గర ఆగడు. పదం తనకు తెలుసుననుకుని ముందుకు వెళ్లి, ఎవరి గురించీ చెడు మాట అనలేని జేన్ ముఖం మీదే నిజాలు చెప్పే మనిషని వ్యాసం రాస్తాడు. పదం తెలియని పిల్లవాడు ఆగి, ముందూ వెనకా చదివి, సరైన అర్థానికి చేరుకోవడం నేను చాలాసార్లు చూశాను.

దీనికి మరో వైపు మార్క్ ట్వెయిన్ ఉన్నాడు. హకల్‌బెరీ ఫిన్ కథ 31వ అధ్యాయంలో నిఘంటువు చూడవలసిన పదాలు దాదాపు లేవు. పారిపోయిన బానిస జిమ్ ఆచూకీ తెలుపుతూ హక్ ఉత్తరం రాస్తాడు, ఆలోచనలో పడతాడు, చివరికి నరకానికి పోయినా సరేననుకుని ఆ ఉత్తరాన్ని చింపేస్తాడు. తాను పాపం చేస్తున్నానని ఆ పిల్లవాడు నిజంగా నమ్ముతున్నాడు. అతడు చేస్తున్నది తన జీవితంలోకెల్లా మంచి పని అని పాఠకుడికి తెలియాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని పట్టుకోలేక, హక్ చెడు దారి పట్టాడని రాసిన వ్యాసాలు ఏటా నా బల్ల మీదికి వస్తాయి. వాటిని రాసిన పిల్లలకు ఆ పేజీలో తెలియని పదం ఒక్కటి కూడా లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. ఒక విద్యార్థి తరగతిలో కూర్చుని డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' మీద వ్యాసం చిత్తుప్రతి రాశాడు. అందులో ఒక వాక్యం సారాంశం ఇది: తనను పెంచిన కమ్మరి జో లండన్‌కు వచ్చినందుకు పిప్‌కు సిగ్గు వేసింది, అలా సిగ్గుపడినందుకు తన మీద తనకే సిగ్గు వేసింది. పదిహేడేళ్ల వయసులో అంత సూటిగా చూడగలగడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఎవరో "ఇంత తేలిక ఇంగ్లీషా?" అన్నారట. మర్నాడు వచ్చిన ప్రతిలో మొదటి సగానికి థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) నుంచి తెచ్చిన బరువైన మాట ఒకటి కూర్చుంది, రెండో సగానికి అలాంటి మాట దొరకలేదు కాబట్టి ఆ ఆలోచనే మాయమైంది. మార్కు తగ్గడం కన్నా పెద్ద నష్టం ఏమిటంటే, తన సొంత వాక్యం సరిపోదని ఆ పిల్లవాడు నమ్మాడు. ఆ నమ్మకాన్ని తీసేయడానికి నాకు ఆ విద్యా సంవత్సరంలో చాలా భాగం పట్టింది.

మరి పదాలు ఎలా వస్తాయి? నవల చదువుతున్నప్పుడు తెలియని ప్రతి మాటకూ ఫోను తీయవద్దని నేను చెబుతాను. మొదటిసారి పెన్సిలుతో గీత పెట్టి, సందర్భాన్ని బట్టి ఊహించి ముందుకు సాగాలి. అధ్యాయం ముగిశాక, మళ్లీ మళ్లీ వచ్చిన మాటలనూ, అర్థం తెలియక వాక్యమే ఆగిపోయిన చోటునూ మాత్రమే నిఘంటువులో చూడాలి. అలా చూసేటప్పుడు, వాడుకలో లేని పాత అర్థమని సూచించిన దాన్ని కూడా వదలకుండా చదవాలి. నోటుపుస్తకంలో పదం ఎదురుగా అర్థం రాయడం కాదు, ఆ వాక్యమంతా రాసి, ఎవరు ఎవరితో ఏ స్థితిలో అన్నారో ఒక పంక్తిలో చేర్చాలి. ఇలా వారానికి ఐదారు మాటలు చాలు. అవి మరో పుస్తకంలో ఎదురైనప్పుడు పిల్లలే గుర్తుపడతారు. లాటిన్, గ్రీకు ధాతువులు కొన్ని తెలిసి ఉండటం మంచిదే, కథకుడి స్వరాన్ని వర్ణించే విశేషణాలు కొన్ని తెలియడం ఇంకా మంచిది. ఈ పుస్తకాలకు ఖర్చు కూడా లేదు. ఆస్టెన్, డికెన్స్, ట్వెయిన్ నవలలన్నీ ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ సైటులో ఉచితంగా ఉన్నాయి, కళ్లు అలసిపోయే పిల్లలు లిబ్రివాక్స్ అనే ఆడియో పుస్తకాల సైటులో వింటూ చదవవచ్చు.

వేగం గురించి కూడా భయపడవద్దు. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలను 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా తన వారపత్రికలో 36 భాగాలుగా ప్రచురించాడు, మొదటి పాఠకులు 59 అధ్యాయాలను వారానికి ఒకటి రెండు చొప్పున చదివారు. ఒక్క వారాంతంలో దాన్ని పూర్తి చేయలేకపోయిన పిల్లవాడికి తెలివి తక్కువని అనుకోవడం అన్యాయం. రోజుకు ఇరవై పేజీలు, అందులో ఒక పేజీ పైకి చదవడం, నేను అడిగేది అంతే.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పాడవుతుంది.

పాడవదు. వరంగల్ నుంచి తొమ్మిదో తరగతిలో వచ్చి చేరిన ఒక అమ్మాయి ఉండేది, మొదటి ఏడాది ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడటానికి జంకేది. పన్నెండో తరగతిలో, జో లండన్‌లో పిప్ గదికి వచ్చే 27వ అధ్యాయం చదువుతున్నాం. పెంచిన పిల్లవాణ్ని పేరు పెట్టి పిలిచే కమ్మరి జో, ఆ గదిలో మాటిమాటికీ అతణ్ని 'సర్' అంటాడు. తరగతిలో చాలామంది దాన్ని మర్యాదగానే తీసుకుని దాటిపోయారు. ఆ అమ్మాయి చెయ్యెత్తి, మా ఊళ్లో చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మామయ్య, మేము అమెరికా నుంచి వెళ్లాక 'నువ్వు' మానేసి 'మీరు' అన్నాడని, అప్పుడు అమ్మ ఏడ్చిందని చెప్పింది. ఆ తరువాత పిప్ అపరాధ భావన గురించి నేను ఎవరికీ విడిగా వివరించవలసిన అవసరం రాలేదు. సంబోధన మారితే బంధం మారుతుందన్న జ్ఞానం ఆమెకు తెలుగు ఇచ్చింది, మే నెల పరీక్షలో ఆమె మూడో వ్యాసం దాని మీదే రాసింది. దయచేసి ఇంట్లో తెలుగు ఆపకండి. అమ్మమ్మ చెప్పే కథను పిల్లలతో తిరిగి చెప్పించడం కూడా సాహిత్య పాఠమే.

మిగిలిన అపోహలకు ఇంత చోటు అక్కరలేదు. చదివి తీరవలసిన పుస్తకాల జాబితా ఏదీ కాలేజ్ బోర్డ్ విధించలేదు. మూడో వ్యాసానికి సాహిత్య విలువ ఉన్న రచనను విద్యార్థే ఎంచుకుని రాయవచ్చు. సారాంశాలు చదివితే చాలునన్నది నిజం కాదు, ఎందుకంటే మొదటి రెండు వ్యాసాలకూ బహుళైచ్ఛిక ప్రశ్నలకూ ఇచ్చే భాగాలు ముందుగా చెప్పినవి కావు, వాటిని అక్కడికక్కడే చదవాలి. ఏపీ లాంగ్వేజ్, ఏపీ లిటరేచర్ ఒకటి కావు. మొదటిది వ్యాసాలు, ప్రసంగాల వంటి రచనల్లోని వాదనను చూస్తుంది, రెండోది కథ, కవిత, నాటకాలను చూస్తుంది. టీచరు మనసులో ఉన్న ప్రతీకను ఊహించి రాయాలన్నదీ పొరపాటే. మూలంలోంచి ఆధారం చూపగలిగితే నేను ఒప్పుకోని వ్యాఖ్యానానికి కూడా పూర్తి పాయింట్లు వస్తాయి. తప్పు జవాబుకు మార్కులు కోసే పద్ధతి 2011 నుంచి లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో కొందరు తల్లులు ఇక ఆలస్యమైపోయిందా అని కంగారుగా ఫోను చేస్తారు. ఆలస్యం కాలేదు. కొత్త పుస్తకాలు మొదలుపెట్టకుండా, తరగతిలో ఇప్పటికే చదివిన నవల ఒకటి, నాటకం ఒకటి తీసుకుని పిల్లల చేత మళ్లీ మొదటి నుంచి చదివించండి. ఒక్కొక్క దానిలో నాలుగైదు సన్నివేశాలను, ఎవరు ఏమన్నారో, ఎందుకన్నారో పుస్తకం మూసి చెప్పగలిగేంత బాగా తెలుసుకోనివ్వండి. వారానికి ఒకసారి, తెలియని ఒక పేజీ కథాభాగం ఇచ్చి, 40 నిమిషాల్లో చేతికి వచ్చిన మాటలతోనే వ్యాసం రాయమనండి. ఇప్పుడు పరీక్ష కంప్యూటరు మీదే కాబట్టి ఆ వ్యాసాన్ని టైపు చేయించండి, థెసారస్ మాత్రం తెరవనివ్వకండి.