ఊరి సైనికుడి పేరు రాతిమీద: వీరగల్లు నుంచి గ్రానైట్ పలక దాకా

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో సైనికుడి విగ్రహం ఇప్పుడు కొత్త సంగతి కాదు. బడి గేటు దగ్గరో, ఊళ్లోకి తిరిగే రోడ్డు మలుపులోనో ఆకుపచ్చ రంగు వేసిన నిలువెత్తు సిమెంటు బొమ్మ, కింద నల్లరాతి పలక. గిద్దలూరు, కంభం వైపు సైన్యంలో చేరే కుర్రాళ్లు ఎక్కువ. 2024 డిసెంబర్‌లో పూంచ్ జిల్లాలో మందుపాతర పేలి చనిపోయిన 25 రాష్ట్రీయ రైఫిల్స్ హవల్దారుది కంభం మండలం రావిపాడే. ఇలాంటి కబురు వచ్చిన ఊళ్లో పెద్దకర్మ కూడా కాకముందే గుర్తుగా ఏదైనా కట్టాలన్న మాట లేస్తుంది. ఆ వెనకే పేచీలూ లేస్తాయి. ఎక్కడ నిలపాలి, ఏం రాయాలి, ఎవరి పేరు ముందుండాలి? వీటిలో ఒక్కటీ ఈనాటి పేచీ కాదు.

పోరులో చచ్చిన మనిషికి ఊరే రాయి నిలపడం ఈ నేలమీద వెయ్యేళ్లు దాటిన ఆచారం. అదే వీరగల్లు. చుట్టుపక్కల దొరికే బండనే తెచ్చి ఒక ముఖం చదును చేసి, కత్తో విల్లో పట్టిన మనిషిని చెక్కేవారు. పెద్ద రాళ్లలో మూడు అంతస్తులు కనిపిస్తాయి. కింద పోరు, నడుమ అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకుపోవడం, పైన శివలింగం ముందు అతను కూర్చోవడం. అంచున సూర్యచంద్రులు ఉంటారు. వాళ్లున్నంతకాలం ఆ రాయీ నిలవాలని అర్థం. చావుకు కారణం రాజుల యుద్ధమే కానక్కర్లేదు. పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం తిరిగినవాళ్లు, దండు మీదపడితే నిలబడ్డవాళ్లు, పులితో కలబడ్డవాళ్లు కూడా ఈ రాళ్లకెక్కారు. పశువే ఆస్తి అయిన మెట్ట ప్రాంతంలో మంద కోసం చావడమంటే ఊరి కోసం చావడమే. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధికీ కాటమరాజుకీ జరిగిన పోరు కూడా పచ్చికబీళ్లు, పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర మొదలైందే. మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన చనిపోయింది అందులోనే.

దీని పక్కన గెలిచినవాళ్ల రాతను పెట్టి చూడాలి. అద్దంకి పండరంగడి శాసనం క్రీ.శ. 848 నాటిది, తరువోజ అనే ఛందస్సులో ఉన్న పద్యంతో తెలుగు సాహిత్య చరిత్రలో పేరు పొందింది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను (బోయల స్థావరాలను) పట్టడం, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేయడం, కందుకూరును బెజవాడలా తీర్చడం అందులో ఉన్నాయి. ఆ పోరులో చచ్చిన బంటు ఒక్కడి పేరూ లేదు. బోయల పక్షాన చచ్చినవాళ్ల మాట అడగనే అక్కర్లేదు. గెలిచిన ప్రభువు తన మాట తాను రాయించుకున్నాడు. బంటును తలుచుకుని రాయి నిలపడం మాత్రం అతని ఊరికీ అతనివాళ్లకీ మిగిలింది.

ఆ రాళ్లు ఇప్పటికీ పొలం గట్లమీద, చెరువు కట్టలమీద, గుడి ప్రహరీ బయట ఉన్నాయి. కొన్నిటిని పోతురాజనో వీరులనో కొలుస్తారు. ఆ కొలుపు వల్లే అవి నిలిచాయి, దానివల్లే అక్షరాలు పూడిపోతున్నాయి కూడా. నూనె, పసుపు, కుంకుమ పొరలు ఎండి అట్టకడతాయి. ఈమధ్య దానిమీద ఎనామెల్ రంగు కూడా పడుతోంది. ఊరివాళ్లు ఒప్పుకుంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్, వెదురు పుల్లతో మెల్లగా తుడవాలి. ఇనుప బ్రష్షో, యాసిడో, గ్రైండరో తగిలిందా, రాతి పైపొరతో పాటు అక్షరమూ పోతుంది. చదవడానికి సుద్దపొడి, పిండి రుద్దే అలవాటు మానుకోవాలి. పొద్దున్నే ఏటవాలు ఎండలోనో, రాత్రిపూట టార్చిని రాతి అంచునుంచి అడ్డంగా వేసో ఫొటో తీస్తే, మామూలుగా కంటికి ఆనని గీత కూడా నీడతో తేలుతుంది. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తాలూకాలవారీగా ఉంటుంది కాబట్టి మీ ఊరి రాయి అందులో ఉందేమో ముందు చూడాలి. అప్పుడు చదవగలిగిన పంక్తి ఇవాళ రాతిమీద లేకపోవచ్చు.

1914 నాటికి పరిస్థితి మారిపోయింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వాళ్లు కొన్ని జాతులే పోరుకు పనికొస్తాయనే ‘యుద్ధజాతులు’ లెక్క పట్టుకుని మద్రాసు పటాలాలను తగ్గించుకుంటూ, పంజాబు వైపు, నేపాల్ వైపు మళ్లారు. అయినా మొదటి ప్రపంచయుద్ధం ముదిరేసరికి మనుషులు చాలక మళ్లీ అన్ని జిల్లాలకూ వచ్చారు. పోయినవాళ్లలో తుపాకీ పట్టినవాళ్లతో పాటు కూలీ దళాల్లో, మోత దళాల్లో, వంటపనికి, పశువుల కాపలాకు పోయినవాళ్లూ ఉన్నారు. ఇలాంటివాళ్ల చావు జాబితాలకు ఎక్కడమే కష్టమైంది.

యుద్ధమయ్యాక, మనుషుల్ని బాగా పంపిన ఊళ్లలో సర్కారు చిన్న రాతి పలకలు పెట్టించింది. దేశంలో ఎక్కడ చూసినా వాచకం దాదాపు ఒకటే: ఈ ఊరినుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. కాల్పులు 1918 నవంబర్ 11న ఆగినా, వర్సాయ్ సంధి 1919 జూన్ 28న జరిగింది కాబట్టి ఆ సంవత్సరం వేశారు. పలకమీద రెండు అంకెలుంటాయి, పేరు ఒక్కటీ ఉండదు. పెట్టిన రోజున ఆ చనిపోయినవాళ్లెవరో ఊరందరికీ తెలుసు. రెండు తరాలు దాటేసరికి ఆ అంకె ఎవరికీ ఏమీ కాకుండా పోయింది. పాత చావడి, తాలూకా కచేరీ, బోర్డు స్కూలు పడగొట్టేటప్పుడు గోడల్ని ఒకసారి తడిమి చూడాలి. పండక్కీ పండక్కీ కొట్టిన సున్నం అక్షరాల్లో నిండిపోతే అక్కడ పలక ఉన్నట్టే తెలియదు.

పెద్ద స్మారకాల్లోనూ ఇదే జరిగింది. 1917లో పుట్టిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ (ఇప్పటి కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్) హోదాతో నిమిత్తం లేకుండా చనిపోయిన ప్రతివాణ్ణీ ఒకేలా తలుచుకుంటామని నియమం పెట్టుకుంది. ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ స్మారకంమీద భారత సైనికుల పేర్లు వేసింది కూడా. కానీ 1929లో ఇరాక్‌లోని బస్రాలో స్మారకం కట్టినప్పుడు భారత అధికారుల పేర్లు వేసి, మామూలు సిపాయిలను పటాలం పేరు కింద ఒక అంకెగా వదిలేసింది. 2021లో ఆ కమిషనే విచారణ జరిపించుకుని, భారత, ఆఫ్రికా, మధ్యప్రాచ్య సైనికుల్లో 45,000 నుంచి 54,000 మందిని సమానంగా స్మరించలేదని, ఇంకా లక్షకు పైగా మందికి పేరే లేకుండా పోయిందని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పేరు వెయ్యకపోవడం చిన్న లోపమని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుచేయాలి.

స్వాతంత్ర్యం తర్వాత 1962, 1965, 1971 యుద్ధాల్లో, 1987–90 మధ్య శ్రీలంకలో చనిపోయినవాళ్లకు పల్లెల్లో స్మారకాలు తక్కువ. దానికి కారణం ఉంది. అప్పట్లో అంత్యక్రియలు చాలావరకు పోరు జరిగిన చోటే చేసేవారు. ఇంటికి టెలిగ్రాం, తర్వాత సామాను పెట్టె వచ్చేవి. 1999 కార్గిల్ యుద్ధంలో పార్థివదేహాలను సొంతూళ్లకు పంపడం మొదలైంది. జెండా కప్పిన పెట్టె ఊరి నడివీధిలోంచి పోయింది, వేలమంది చూశారు. ఇప్పుడు మనం చూసే ఊరి విగ్రహాలకు అసలు మొదలు అక్కడుందని నా నమ్మకం. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం 2019 ఫిబ్రవరి 25న వచ్చింది. పల్లెలు మాత్రం దానికోసం ఆగలేదు.

ఇక స్థలం సంగతి. రోడ్డు మార్జిన్‌లోనో కూడలిలోనో కడితే ఇవాళ కాకపోతే రేపు తీయాల్సి వస్తుంది. రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజలు వాడుకునే ఇతర చోట్ల విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. రోడ్డు వెడల్పు చేసే రోజున ఊరి సైనికుడి బొమ్మను జేసీబీ ఎత్తడం ఎవరికీ చూడబుద్ధి కాదు. బడి ఆవరణో, పంచాయతీ ఆఫీసు లోపలి జాగానో, ఎవరైనా రాసిచ్చిన పట్టా జాగానో మేలు. పంచాయతీ తీర్మానంలో సర్వే నంబరు, కొలతలు రాయించాలి. ఇంకొక మాట సూటిగా అనాలి. మద్రాసు సైన్యంలో దళితులు, క్రైస్తవులు మొదటినుంచీ ఉన్నారు. కుర్రాడు దళితవాడ మనిషైతే విగ్రహం ఆ వాడలోనే పెట్టుకోమనడం, పెద్దింటివాడైతే ఊరి నడుమ పెట్టడం జరిగితే అది సైనికుడికి చేసే మర్యాద కాదు. అందరికీ ఒకే చోట, ఒకే కొలత పలకలు పెట్టడమే సరైన పద్ధతి.

పేర్లు వెతికేటప్పుడు ఎక్కువమంది పొరపడేది జిల్లా దగ్గర. ఒంగోలు తాలూకా 1904లో నెల్లూరు నుంచి గుంటూరు జిల్లాకు పోయింది. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పేరుతో ఏర్పడింది, 1972లో పేరు మారింది. అందుకని రెండు ప్రపంచయుద్ధాల కాగితాల్లో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి మనుషులు నెల్లూరు కింద, ఒంగోలు, అద్దంకి వైపువాళ్లు గుంటూరు కింద, మార్కాపురం, గిద్దలూరు, కంభం వాళ్లు కర్నూలు కింద ఉంటారు. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతకవచ్చు. అది 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా జరిగిన చావులకే. ఊరి పేరును ఇంగ్లిష్ గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు కాబట్టి నాలుగైదు స్పెల్లింగులతో ప్రయత్నించాలి. ఇంటిపేరు ఉండకపోవచ్చు, తండ్రి పేరుతో పోల్చుకోవాలి. 1947 తర్వాతివాళ్లకు ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసు మాటే ప్రమాణం. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరి జిల్లా వెల్లింగ్టన్‌లో, సైన్యంలో ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ శాపర్లది బెంగళూరులో ఉంది. ఉత్తరం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పోతే జవాబు త్వరగా వస్తుంది. నంబరు, ర్యాంకు, యూనిట్, చనిపోయిన తేదీ, చోటు, ఈ ఐదూ కాగితంమీద వచ్చేదాకా రాయి చెక్కించవద్దు. లాన్స్‌నాయక్‌ను నాయక్ చేయడం, చనిపోయిన తేదీకి బదులు అంత్యక్రియల తేదీ వేయడం తరచూ జరిగే తప్పులు.

రాయి విషయంలో ఈ జిల్లాలది అదృష్టం. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా పోతుంది, బల్లికురవ బూడిదరంగు గ్రానైటూ మంచిదే. అయితే గెలాక్సీలో మెరిసే బంగారు చుక్కలు చిన్న అక్షరాలను చెదరగొడతాయి. పేర్లకు చుక్కలేని రాయే తీసుకోండి. పాలరాయి వద్దు, వానకూ ఉప్పుగాలికీ అంచులు అరిగిపోతాయి. తెలుగు అక్షరం ఎత్తు 25 మిల్లీమీటర్లకు తగ్గితే ఒత్తులు, గుణింతాలు మూసుకుపోతాయి. ధకూ దకూ, ఘకూ ఝకూ తేడా పోతుంది. కిందికి దిగే ఒత్తుల కోసం పంక్తికీ పంక్తికీ నడుమ కనీసం అక్షరమంత ఖాళీ వదలాలి. చెక్కడం లోతు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. పైపైన గీకి బంగారు రంగు నింపితే నాలుగైదు ఎండాకాలాలకు రంగుపోయి నల్లరాతిమీద నల్లగీతే మిగులుతుంది. కంప్యూటర్‌లో ఫాంటు మార్చినప్పుడు ఒత్తు పక్కకు జరగడం, సున్నా ఎగిరిపోవడం మామూలు. అందుకే స్టెన్సిల్ కోసేముందు అసలు కొలతలో కాగితంమీద ప్రింటు తీయించి, ఇంటివాళ్లతో చదివించి సంతకం తీసుకోవాలి.

బొమ్మ కావాలనుకుంటే తీరం పక్క ఊళ్లలో సిమెంటుది ఆలోచించుకోవాలి. కొత్తపట్నం, ముత్తుకూరు లాంటి చోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లతో కలిపిన కాంక్రీటులో కమ్మి తుప్పుపట్టి ఉబ్బుతుంది. పగులు మొదట కాళ్ల మడమల దగ్గర, తర్వాత తుపాకీ పట్టిన చేతి దగ్గర వస్తుంది. మంచినీళ్లు, ఏటి ఇసుక, కమ్మిమీద కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు తప్పవు. అద్దంకి, పర్చూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. రెండడుగుల పునాదిమీద దిమ్మె రెండేళ్లలో ఒరిగిపోతుంది. నెర్రె దిగే లోతు దాటి, అయిదడుగుల వరకు తవ్వి, ఇసుక, గ్రావెల్ నింపి కొట్టాకే లేపాలి. పశ్చిమాన ఎర్రగరుసు నేలకు ఈ బాధ లేదు.

దిమ్మెమీద నాలుగు సింహాల చిహ్నం వేయకూడదు. 2005 చట్టం ప్రకారం అనుమతి లేని వాడకం నేరం. ఆవిష్కరణకు జాతీయ జెండాను బొమ్మమీద ముసుగుగా కప్పడం కూడా 1971 చట్టం కింద జెండాను అవమానించడమే, తెల్లగుడ్డ చాలు. ఆవిష్కరించిన నాయకుల పేర్లు సైనికుడి పేరు కంటే పెద్దగా ఉన్న పలకలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. వాళ్ల పేర్లు వేయాల్సివస్తే దిమ్మె వెనకవైపు, సగం కొలత అక్షరాల్లో. ముందుముఖంమీద పేర్లను చనిపోయిన తేదీల వరసలో, ఒక్కొక్కరికీ విడి పలకగా, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులతో బిగించాలి. ఒక పేరులో తప్పు దొర్లితే ఆ పలక ఒక్కటే మార్చుకోవచ్చు, 1914 నాటి పేరు ఎప్పుడో దొరికితే అతనికీ చోటు పెట్టొచ్చు. అలా దొరికిన పేరు కమిషన్ జాబితాలో లేకపోతే, డిశ్చార్జి కాగితం, పింఛను పుస్తకం, పతకం అంచుమీద చెక్కిన నంబరు, వీటిలో ఏది ఉన్నా ఫొటో జతచేసి వాళ్లకు రాయవచ్చు. పతకాన్ని తోమి మెరిపించకుండా ఉన్నదున్నట్టే ఫొటో తీయాలి. ఆ అంచుమీది అక్షరాలు చాలా సన్నం, రెండుసార్లు పాలిష్ పెడితే చెరిగిపోతాయి.