ఉషా వాన్స్ చూడని పందెం, వెళ్లిన స్థావరం

2025 మార్చిలో అమెరికా ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ గ్రీన్‌లాండ్ వెళ్తున్నారని ప్రకటన వచ్చింది. ఆవిడ కుటుంబ మూలాలు తణుకు దగ్గరి వడ్లూరులో ఉన్నాయి కాబట్టి మనకూ తెలిసిన పేరే. సిసిమియుత్ పట్టణంలో జరిగే జాతీయ కుక్కల స్లెడ్జి (మంచు మీద కుక్కలు లాగే బండి) పందెం చూడటం ఆ పర్యటనలో ముఖ్యమైన కార్యక్రమం. 37 మంది తోలేవాళ్లు, 444 కుక్కలు. డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఆ ద్వీపం మాకు కావాలని ట్రంప్ అంటున్న రోజులవి. పిలవని పేరంటం ఏమిటని అక్కడివాళ్లు మండిపడ్డారు. చివరికి పందెం చూసే ఆలోచన మానుకుని, 28న భర్తతో కలిసి ఆవిడ వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న పిటుఫిక్ సైనిక స్థావరానికి వెళ్లారు. అక్కడ నిరసనల టెన్షన్ ఉండదు. కానీ స్లెడ్జిల మీద బతికే మనుషుల పాత కోపానికి పుట్టిల్లు ఆ స్థావరమే.

ఆ ప్రాంతానికి తూలే అని పేరు. అక్కడి ఇనుఘుయిట్ జనం వేటగాళ్లు. 1909లో ఉత్తర ధ్రువం చేరానని ప్రకటించుకున్న అమెరికా అన్వేషకుడు పియరీకి కుక్కలు ఇచ్చిందీ, స్లెడ్జిలు తోలిందీ వాళ్లే. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు కనిపించడు. అయినా ప్రయాణాలు ఆగవు. అసలు సముద్రం గడ్డకట్టాకే కదా దారి ఏర్పడేది! ఆ చీకటి నెలల్లో నిండు చందమామ కొన్ని రోజుల పాటు అస్తమించకుండా ఆకాశంలో చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. దూరం వెళ్లాల్సినవాళ్లు ఆ వెన్నెల రోజులు చూసుకుని బయల్దేరతారు. కుక్కలను వరసగా కట్టరు. దేని తాడు దానికే ఇచ్చి విసనకర్రలా విడిగా పరుస్తారు. అలస్కా అడవి దారుల్లో ఇలా కడితే చెట్లకు చిక్కుకుంటాయి. గడ్డకట్టిన సముద్రం మీద మాత్రం ఇదే మేలు. బరువంతా ఒకేచోట పడదు, ఒక కుక్క పగులులో జారినా మిగతావి దాంతోపాటు పోవు.

1951లో అమెరికా, డెన్మార్క్ రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. ఆ వేసవిలోనే సుమారు 120 ఓడల్లో 12,000 మంది దిగి వైమానిక స్థావరం కట్టడం మొదలుపెట్టారు. ఈ మోతకు జంతువులు దూరం పోతున్నాయని వేటగాళ్లు మొరపెట్టుకున్నారు. వినే నాథుడు లేడు. 1953లో విమాన విధ్వంసక ఫిరంగులు పెట్టడానికి వాళ్ల ఊరి స్థలం కూడా కావాల్సొచ్చింది. మే నెలలో, కొద్ది రోజుల గడువిచ్చి 27 కుటుంబాలను ఖాళీ చేయించారు. పిల్లాజెల్లా, సామాను స్లెడ్జిల మీద వేసుకుని వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి, ఇప్పటి కానాక్‌కు చేరారు. అక్కడ ఇళ్లు ఇంకా సిద్ధం కాలేదు. గుడారాల్లో తలదాచుకున్నారు. వాళ్లంతట వాళ్లే వెళ్లారని డెన్మార్క్ దశాబ్దాల పాటు చెప్పుకొచ్చింది.

1968 జనవరి 21న నాలుగు హైడ్రోజన్ బాంబులున్న అమెరికా బి-52 బాంబర్ విమానం నిప్పంటుకుని, స్థావరానికి దగ్గర్లో సముద్రపు మంచు మీద కూలింది. (అణ్వాయుధాలు తన నేల మీద వద్దని డెన్మార్క్ 1957లోనే ప్రకటించుకుంది మరి.) పగలన్నదే లేని రోజులవి. ఏడుగురిలో ఆరుగురు బతికి బయటపడ్డారు. మనుషుల్ని వెతకడానికీ, శకలాల దగ్గరికి చేరడానికీ మొదట్లో ఆసరా అయినవి కుక్కల స్లెడ్జిలే. 2024 డిసెంబరులో డెన్మార్క్ తన రక్షణ ప్యాకేజీలో రెండు కొత్త స్లెడ్జి దళాలను చేరిస్తే ట్రంప్ ఎగతాళి చేశాడు. సొంత దేశపు విమానం కూలినప్పుడు ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

1999లో డెన్మార్క్ హైకోర్టు 1953 నాటి తరలింపు అక్రమమని తేల్చింది, ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2003లో సుప్రీంకోర్టు ఆ జనం మొత్తానికీ కలిపి 5 లక్షల క్రోనర్లు (డెన్మార్క్ కరెన్సీ), మనుషులకు విడిగా కొంత పరిహారం ఖరారు చేసింది. పాత ఊరికి తిరిగి వెళ్లి వేటాడుకునే హక్కు అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. వాళ్లు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. 2006లో ఆ కోర్టు కూడా వాళ్ల పిటిషన్‌ను విచారణకు తీసుకోలేదు.