మంటల్లో దొంగ: సినిమా నిప్పు గురించి అపోహలు - వాస్తవాలు

సినిమా సెట్లలో మంట పెట్టడం, ఆర్పడం నా పని. ఈ మధ్య కొత్త దర్శకులు తరచూ ఒకే రకం కథ పట్టుకొస్తున్నారు. అపార్ట్‌మెంట్‌లోకి దొంగ దూరతాడు, కింది అంతస్తు అంటుకుంటుంది. ఒకే లొకేషన్, ఒకే రాత్రి, నలుగురు నటులు. చిన్న బడ్జెట్‌కి బాగా కుదిరే కథే. నిప్పు దగ్గరికొచ్చేసరికే తప్పులు మొదలవుతాయి.

అపోహ: నాలుగు లీటర్ల పెట్రోలు పోస్తే సీన్ అయిపోతుంది.

పెట్రోలు వాడే యూనిట్‌కి నేను వెళ్లను. అంటుకునేది దాని ఆవిరి. అది గాలి కన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. ఒక షూటింగ్‌లో ట్రేలో పెట్రోలు పోసి, కెమెరా సర్దేదాకా ఆగారు. అగ్గిపుల్ల గీసిన కుర్రాడు ట్రేకి ఆరడుగుల దూరంలోనే ఉన్నాడు. మంట నేల మీదుగా వచ్చి అతని కాళ్లు పట్టుకుంది. పక్కనే తడి గోనెసంచి ఉండబట్టి పెద్ద గాయం కాలేదు. ఆ అరుపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మేం గ్యాస్ వాడతాం. మూడడుగుల ఇనప పైపుకి వరసగా చిల్లులు, ఒక చివర మూత, ఇంకో చివర సిలిండర్ గొట్టం. వాల్వు మీద ఒక మనిషి చెయ్యి ఎప్పుడూ ఉంటుంది. ఆ పైపుని కెమెరా ముందు, ఫ్రేమ్ అంచుకి కిందగా పెట్టి, నటుణ్ణి పన్నెండడుగుల వెనక నిలబెట్టి, దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే టెలి లెన్స్ వేయండి. తెర మీద చొక్కా అంటుకోబోతున్నట్టే ఉంటుంది.

అపోహ: మంట ఎంత పెద్దదైతే భయం అంత.

నిజం ప్రమాదాల్లో ఎక్కువ మందిని చంపేది పొగ. అది పైకప్పు నుంచి కిందికి నిండుతూ వస్తుంది, నిమిషాల్లో గది చీకటైపోతుంది. మీ దొంగ పరుగెత్తకూడదు, పాకాలి. గోడ తడుముకోవాలి. తలుపు తీసే ముందు అరచేతి వెనక వైపుతో తాకి చూడాలి. ముక్కుకి తడి గుడ్డ కట్టుకున్నా కార్బన్ మోనాక్సైడ్ ఆగదు, బుర్ర మందగిస్తుంది, వచ్చిన దారే గుర్తురాదు. టెన్షన్ అంతా అక్కడే ఉంది. పొగ మిషన్, ఒక టార్చి, మంచి సౌండ్ ఉంటే ఆ సీన్ షూట్ చేసేయొచ్చు.

అపోహ: లైటర్ చూపిస్తే అంతస్తంతా స్ప్రింక్లర్ల వాన.

స్ప్రింక్లర్ అంటే మంట ఆర్పడానికి పైకప్పులో పెట్టే నీళ్ల జల్లు గొట్టం. మామూలు భవనాల్లో ఏ స్ప్రింక్లర్‌కి వేడి తగిలితే అదే విచ్చుకుంటుంది. దాంట్లో ఉండే ఎర్ర గాజు గొట్టం సుమారు 68 డిగ్రీల దగ్గర పగులుతుంది. చుట్టూ మంట, ఒక్కచోటే నీళ్లు, దాని కింద దొంగ. నాకైతే వాన కన్నా ఈ సీనే నచ్చుతుంది.

అపోహ: మంట వేడి తగలకుండా ఒంటికి రాసే జెల్ ఉంటే డూప్‌కి ఏమీ కాదు.

జెల్ ఇచ్చేది కొన్ని సెకన్లే. ఊపిరి బిగపట్టాలి, ఒంటి మీద పాలిస్టర్ ఉండకూడదు. అతను నేల మీద పడుకున్నాడంటే చాలని సైగ, దర్శకుడు కట్ చెప్పకపోయినా మేం ఆర్పేస్తాం.

అపోహ: చిన్న సెట్‌కి ఇంత హడావిడి ఎందుకు?

1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో టీవీ సీరియల్ షూటింగ్‌లో నిప్పంటుకుని 60 మందికి పైగా చనిపోయారు. గోడలకి గోనెపట్టాలు కట్టారు, లోపల పెద్ద పెద్ద లైట్లు. మన చిన్న సెట్లలో గోనెకి తోడు థర్మోకోల్ కూడా ఉంటుంది. అందుకే ఎక్కడికి పిలిచినా ముందు రెండో తలుపు ఎక్కడుందో అడుగుతాను. రెండో తలుపు లేదని చెబితే ఒక గోడ తీయించాకే సిలిండర్ లోపలికి తెస్తాను.